అత్తయ్య గదిలో నీచు వాసన

జనవరి 6, మంగళవారం

అత్తయ్య మళ్ళీ అదే మాట. గదిలో నీచు వాసన వస్తోందట. చేపలు ఎవరు కడిగారని అడిగింది. ఎవరూ కడగలేదన్నాను. అయితే మంచం కింద చూడమంది. చూశాను. ఆవిడ చెప్పు ఒకటి, నా దువ్వెన ఒకటి దొరికాయి. ఆ దువ్వెన కోసం ఇల్లంతా గాలించాను ఇన్నాళ్ళూ.

నాకైతే ఏ వాసనా రాలేదు. వచ్చినా పట్టే ముక్కు కాదు నాది. చలికాలం వచ్చిందంటే దిబ్బడేసుకుని కూర్చుంటుంది.

జనవరి 8, గురువారం

దుప్పట్లు, దిండు గలేబులు, కర్టెన్లు అన్నీ ఉతికాను. నేలంతా ఫినాయిల్ వేసి తుడిచాను. పైకి చెప్పలేదు గానీ, పక్క తడుపుకుంటోందేమోనని నా అనుమానం. పక్క పొడిగానే ఉంది.

సాయంత్రం హీటర్ వేసి, ఇప్పుడెలా ఉంది అత్తయ్యా అన్నాను. ఫినాయిల్‌లో ముంచిన చేపలా ఉందంది. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. కాసేపటికి, ఎందుకే అమ్మాయ్ నవ్వుతున్నావు అని అడిగింది.

జనవరి 9, శుక్రవారం

నేను కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చేసరికి ఆయన నిద్ర లేచి ఉన్నారు. రాత్రంతా బస్సు నడిపి వచ్చి పగలు పడుకుంటారు. నేను పొద్దున షాపుకి, ఆయన సాయంత్రం డ్యూటీకి. అత్తయ్యని మేమిద్దరం రిలే పరుగులో కర్రలా అందించుకుంటున్నాం.

గదిలోకి వెళ్ళి ఆయన పోలీసు కుక్కలా మూల మూలా వాసన చూశారు. ఏమీ లేదన్నారు. అమ్మకి ముక్కు కూడా మతి తప్పినట్టుందన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ తర్వాత టీ చల్లారిపోయేదాకా తాగలేదు.

జనవరి 11, ఆదివారం

సాయంత్రం వదిన, అంటే ఆయన అక్క, వచ్చింది. డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడిందట. ఈ మతిమరుపు జబ్బులో లేని వాసనలు రావడం మామూలేనన్నాడట. వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, ఒక వృద్ధుల హోమ్ చూశానంది. శుభ్రంగా ఉంటుందట, నర్సులుంటారట, నెలాఖరుకి ఒక మంచం ఖాళీ అవుతుందట. నీ ఒంట్లో కూడా ఓపిక ఉండాలి కదమ్మా, ఎన్నాళ్ళని చేస్తావు అంది.

వదిన చెడ్డ మనిషి కాదు. మా పెళ్ళికి ముందు మామయ్య మంచం పట్టినప్పుడు చూసుకుంది ఆవిడే. ఆయన్ని లేపీ లేపీ పట్టేసిన భుజం ఇప్పటికీ పైకి లేవదు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆ భుజాన్నే నొక్కుకుంటోంది.

మేం బయటికి వచ్చి చూస్తే అత్తయ్య హీటర్ ఆర్పేసి, శాలువా చుట్టుకుని వణుకుతూ కూర్చుంది. వదిన నా వైపు చూసింది. చలి కూడా తెలియట్లేదు చూశావా అన్నట్టు.

హీటర్ నేనే మళ్ళీ వేశాను.

జనవరి 13, మంగళవారం

మళ్ళీ ఆర్పేసింది. కసిరాను. చలికి చచ్చిపోతారు అన్నాను. ఆ మాట అనాల్సింది కాదు.

నాకేం కాదే, గోడకే జ్వరం వచ్చింది, ఒళ్ళు కాలిపోతోంది పాపం అంది.

ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. గోడకి మాత్ర వెయ్యమన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. హోమ్ వాళ్ళకి ఏం చెప్పమంటావని ఆయన అడిగారు. వదిన ఎలా అంటే అలా అన్నాను.

జనవరి 15, గురువారం, సాయంత్రం

ఇంట్లో కరెంటు లేదు. రేపు రాస్తాను.

జనవరి 16, శుక్రవారం, ఉదయం

ఇప్పుడు రాయగలను.

నిన్న ఆయన డ్యూటీకి వెళ్ళాక, అత్తయ్య గదిలో హీటర్ వేసి, బియ్యం కడగడానికి వంటింట్లోకి వచ్చాను. బాత్రూంలో కుళాయి తిప్పిన చప్పుడైంది. చేతులు కడుక్కుంటోంది కాబోలు అనుకున్నాను. కానీ అడుగులు గదిలోకి వెళ్ళాయి. ఎందుకో మనసొప్పక వెనకే వెళ్ళాను.

మంచం పక్కనున్న చిన్న స్టాండు పక్కకి జరిపి ఉంది. దాని వెనక హీటర్ ప్లగ్గు పెట్టే సాకెట్; ప్లగ్గు ఎప్పుడూ దానికే ఉంటుంది, హీటర్ మీదున్న స్విచ్చుతోనే వేస్తాం, ఆర్పుతాం. దాని చుట్టూ గోడ కాలిన అట్టులా గోధుమ రంగులోకి తిరిగింది. సాకెట్ మధ్యలో నల్లగా ఉంది. లోపల్నుంచి సన్నగా చిటపట. ప్లగ్గు పైనుంచి పొగ, అగరొత్తి పొగంత. అంత దగ్గరికి వెళ్ళాక నా దిబ్బడ ముక్కుకి కూడా తెలిసింది. నీచు వాసన. అచ్చం చేపల వాసనే.

అత్తయ్య దాని ముందు నిలబడి, నిండుగా నీళ్ళున్న మగ్గు ఎత్తి పట్టుకుని ఉంది.

కేక గొంతు దాకా వచ్చింది. మింగేశాను. అరిస్తే ఉలిక్కిపడి పోసేస్తుంది. లాక్కుంటే ఒలికిపోతుంది. అత్తయ్యా, దాహంతో నోరెండిపోతోంది, ఆ నీళ్ళు కాస్త నాకివ్వరూ అన్నాను.

ఆవిడ చప్పున నా వైపు తిరిగింది. అయ్యో, తాగు తల్లీ, ముందు నువ్వు తాగు అంది. ఒక చేత్తో మగ్గు అందించి, ఇంకో చేత్తో నా వీపు నిమిరింది.

తాగాను. బాత్రూం మగ్గు అది. మొత్తం తాగేశాను.

చెయ్యి పట్టుకుని ఆవిడని బయటికి తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టాను. ప్లగ్గు పీకెయ్యాలని చేతులు లాగాయి. కానీ అది కరుగుతోంది, ముట్టుకుంటే ఏమవుతుందో. దాని పక్కనున్న స్విచ్చు కూడా ముట్టుకోలేదు. గుమ్మం దగ్గరున్న బోర్డులో మెయిన్ ఆపేశాను. ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా మూగదైంది.

ఫైర్ వాళ్ళ నంబరు ఫోన్లో నొక్కి పట్టుకుని, గది గుమ్మంలో నిలబడి గోడనే చూశాను. పొగ ఇంకొంచెం వచ్చినా, గోడలోంచి వచ్చినా కాల్ చేసేసేదాన్నే. మెల్లగా సన్నబడింది. ఆగిపోయింది. అయినా అక్కణ్ణుంచి కదలడానికి ధైర్యం చాలలేదు. చీకటి పడేదాకా గుమ్మానికీ మెట్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే పొద్దున వస్తానన్నాడు. చల్లారిందిగా, ఒకసారి వేసి చూద్దాం అని మాత్రం అనుకోవద్దన్నాడు. నేను అచ్చంగా అదే అనుకుంటున్నాను అప్పటికి. ఆయన కూడా ఫోన్లో, మెయిన్ వేసి హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో హాల్లో పెట్టుకోమన్నారు. వద్దన్నాను. కాలిన ప్లగ్గుని ఇంకోచోట గుచ్చితే అక్కడా కాలదా. మెయిన్ స్విచ్చుకి ప్లాస్టర్ అంటించి, వెయ్యొద్దు అని రాశాను.

హాల్లో ఇద్దరం ఒకే పరుపు మీద, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. నా కాళ్ళు చల్లగా ఉన్నాయని తన పాదాలతో రుద్దింది. ఎవరి పిల్లవే నువ్వు, ఇంత చలిలో తిరుగుతున్నావు అని అడిగింది. మీ అబ్బాయి పెళ్ళాన్ని అన్నాను. మంచి పిల్లనే చేసుకున్నాడు అంది.

అదే రోజు, మధ్యాహ్నం

ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ ఊడదీశాడు. లోపల వైరుని పట్టి ఉంచే స్క్రూ వదులైపోయిందట. పట్టు సరిగ్గా లేనిచోట వైరు వేడెక్కుతుందట. హీటర్‌లా ఎక్కువ కరెంటు లాగేది పెడితే ఇంకానట. కాలినంత మేరా వైరు కత్తిరించి, కొత్త సాకెట్ బిగించాడు. హీటర్ ప్లగ్గు పిన్నులు కూడా నల్లబడ్డాయి, అదీ మార్చాడు. ఇంట్లో మిగతా సాకెట్లు కూడా విప్పి చూపించమని ఆయన పట్టుబడితే, విసుక్కుంటూనే అన్నీ చూశాడు. అవి బాగానే ఉన్నాయి.

ఆ ప్లాస్టిక్ కాలితే ఒక్కోసారి చేపల కంపు వస్తుందట. ఎన్నాళ్ళుగా వస్తోంది, ముందే ఎందుకు పిలవలేదని అడిగాడు.

పగటి పూట హీటర్ వెయ్యం. అందుకే ఆయనకి వాసన దొరకలేదు. ఆయన తల్లి పక్కన మంచం మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నారు. అమ్మా, నువ్వు చెప్పింది నిజమే అన్నారు. ఏం చెప్పానురా అంది.

జనవరి 18, ఆదివారం

వదినకి అంతా చెప్పాను. గోడ జ్వరం దగ్గర ఏడ్చింది. మగ్గు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంది. వాసన సంగతి నిజమే, ఒప్పుకుంటాను, కానీ నువ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వెళ్ళుంటే ఏమయ్యేది అంది.

ఆవిడ మాట కూడా నిజమే. అత్తయ్య మాటా నిజమే. రెండు నిజాల మధ్యా మేం కూర్చుని ఉన్నాం.

ఆయనే అన్నారు. జీతం తగ్గినా పగటి డ్యూటీకి మారతానని. సాయంత్రాలు ఇంట్లో ఇద్దరం ఉంటామని. వదిన భుజం నొక్కుకుంటూ, పగలంతా నేనొస్తాలే, లేపడం నా వల్ల కాదు గానీ కూర్చోవడం వచ్చు అంది. హోమ్ వాళ్ళకి ఫోన్ చేసి, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంది. ఇప్పటికి, అని ఒక మాట చేర్చింది. ఆ మాట మేమందరం విన్నాం.

జనవరి 27, మంగళవారం

దూరంగా ఎక్కడో బెల్లు మోగుతోందంది అత్తయ్య. వదినా నేనూ లేచి ఇల్లంతా చూశాం. ఏమీ లేదు. సరే, ఏమీ లేదని చూశాకే కదా తెలిసింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆడుకోడానికి బయటికెళ్ళనా అమ్మా అని నన్ను అడిగింది. నేనూ వస్తాను, చెప్పులేసుకో అన్నాను. వేసుకుంది.