చెప్పు పట్టీ

ఏమోయ్,

నేను క్షేమం, నా మోకాళ్ళూ క్షేమం.

మా ఆఫీసువాళ్ళం పన్నెండుమందిమి నిన్న కొండదారి ఎక్కాం. కరెంటు మీటర్లు చూస్తూ ఊరంతా తిరిగే కాళ్ళు కదా, అందరికన్నా ముందు దూసుకుపోయాను. దారి చూపించే అమ్మాయి ఈల వేసి ఆపింది.

"ఇక్కడ నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందుండాలి. మీరు వెనక్కి రండి, సార్!"

నాకు ఒళ్ళు మండింది. మాటిమాటికీ వంగి బూటు లేసు కట్టుకుంటూ వెనకబడుతున్న మా హెడ్‌క్లర్కమ్మని ముందు నిలబెట్టి, నన్ను ఆవిడ వెనక పెట్టింది. ఆ తర్వాత శిఖరం దాకా ఆవిడ లేసు ముట్టుకుంటే ఒట్టు! అడిగితే నవ్వేసింది.

"లేసు బాగానే ఉందండీ. ఊపిరే అందలేదు. ఆగమని అడగడానికి మొహమాటం."

బజారుకెళ్ళినప్పుడల్లా నువ్వూ వంగి చెప్పు పట్టీ సర్దుకుంటావు. నేను పదడుగుల ముందు నిలబడి విసుక్కుంటాను.

గ్యాసు వచ్చిందా? చిన్నదాని దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు. ఆదివారం సాయంత్రం బస్టాండుకి రా. ఇంటిదాకా నువ్వు ముందు నడు, సంచీ మోసుకుంటూ నేను వెనక వస్తాను.

చెప్పులు కుట్టించుకోమని బయల్దేరేముందు కేకలేశాను కదా, కుట్టించకు. వాటికేం కాలేదు.