సోలార్ మిషన్‌కు దిష్టి

శ్రేయ బాపూ,

సోలార్ ఇన్వర్టర్ మిషన్ బంద్ చేసిన. నేనొచ్చేదాక ఆన్ చెయ్యకు. మెకానిక్‌ను తోలుకరానీకి కాటారం పోతున్న.

ఎర్ర లైటు వెలిగి మిషన్ ఒక్కసారి దానంతట అదే ఆగితే, ఊరోళ్ల దిష్టి తగిలిందంటివి. దాబా మీద మొల కొట్టి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టినవు. అప్పటిసంది రోజూ ఆగుతున్నదని మొన్న అదే మొలకు గుమ్మడికాయ వేలాడదీసినవు. ఇయ్యాల పొద్దు పొడువకముందే పైకి పోయి చూసిన. నీ మొల సీదా సోలార్ పలకల వైరులకే దిగింది. వైరు తోలు కాలి నల్లగయింది. లోపట నిప్పురవ్వలు లేస్తున్నయనే మిషన్ రోజూ ఆగుతున్నది. నువ్వేమో బటన్ ఒత్తి దాని నోరు మూస్తున్నవు. ఈ ఇంట్ల నా మాటకు గూడ గదే మర్యాద. మళ్ల సోలార్ మీద ఊరందరికి మీటింగు పెట్టి చెప్పెటోనివి.

మొల గుంజకు. మిషన్ బంద్ ఉన్నా, ఎండ ఉన్నంతసేపు ఆ వైరుల కరెంటు ఉంటది. పక్కన నువ్వు పేర్చిన వరిగడ్డి మోపులు నేనే దించిన, నడుం పోయింది. పొగ కనబడితే నీళ్లు పట్టుకొని పైకి ఉరకకు. బిడ్డ శ్రేయను, అత్తమ్మను తీసుకొని బయటికి నడువు, ఫైరింజన్‌కు ఫోన్ చెయ్యి. నీకేమన్న అయితే నేనెవరితోని లడాయి పెట్టుకోవాలె.

శ్రీలత

గుమ్మడికాయ దించి పులుసు పెట్టిన. దిష్టికి కట్టింది తినద్దని అత్తమ్మ ముట్టలే. నువ్వు తిను. ఈ ఇంటికి తగిలిన దిష్టివి నువ్వే, నిన్నేం చేస్తది.