నా ఫోన్లో రమాసుందరి అడుగులు

మార్చి 3, సోమవారం

మూడు నెలల షుగర్ సగటు 9.1. బిళ్ళలొక్కటే చాలవు, రోజుకు అయిదు వేల అడుగులు నడవాల్సిందేనని డాక్టరు కేకలేశాడు. మా అమ్మాయి శర్వాణి విజయవాడ నుంచి వచ్చి నా ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసింది. మా స్కూల్ పీఈటీ ఐజాక్ అందులోనే గ్రూపు పెట్టాడు. షుగరున్న టీచర్లం ఆరుగురం. ఎవరెంత నడిచారో అందరికీ కనపడుతుంది. యాభై ఆరేళ్ళొచ్చాక నాకు ర్యాంకులేంటి, నా ఖర్మ కాకపోతే!

మార్చి 7

1,140. ఆరుగురిలో ఆరో ర్యాంకు.

మార్చి 10, సాయంత్రం

నా షుగర్ తగ్గాలని మా ఆవిడ రమాసుందరి ఆంజనేయస్వామికి మొక్కుకుందట. నలభై ఒక్క రోజులు, రోజుకు నూట ఎనిమిది ప్రదక్షిణలు. రేపు మంగళవారం మొదలు. నువ్వు తిరిగితే నాకు తగ్గుతుందా అని నవ్వాను. మీరెటూ నడవరు, నన్నన్నా నడవనివ్వండి అంది.

లెక్కల మాస్టారిని కదా, ఊరుకోలేదు. ఆ గుడి చుట్టూ ఒక ప్రదక్షిణకు నలభై ఆరు అడుగులు. నూట ఎనిమిదితో గుణిస్తే 4,968. దారిలో నడిచేవి కలిస్తే అయిదు వేలు దాటుతుంది.

మార్చి 11

ప్రదక్షిణలు వక్కలతో లెక్కపెడితే తప్పుతుంది, ఈ ఫోన్ పట్టుకెళ్ళు, 4,968 పెరిగితే నూట ఎనిమిదీ అయినట్టే అన్నాను. మీ లెక్కలు మొక్కుకి కూడా పనికొచ్చాయే అని మురిసిపోయి బొడ్లో దోపుకుని వెళ్ళింది. నేను పేపర్ చదువుతూ రెండో కాఫీ తాగాను. పంచదారతోనే.

5,212. రెండో ర్యాంకు.

మార్చి 15

ఒంటిపూట బడులు మొదలు. పొద్దున బడిలో ఫోన్ నాకు కావాలి. సాయంత్రం అందులోనే ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పాలి. మధ్యాహ్నం నేనొచ్చాక వెళ్ళు అన్నాను. అప్పుడు గుడి మూసి ఉంటుంది కదండీ అంది. ప్రదక్షిణకి తలుపులతో పనేంటి అన్నాను.

మార్చి 24

నంబర్ వన్. మాస్టారూ, మీరు మాకు ఆదర్శం అని ఐజాక్ స్టాఫ్‌రూమ్‌లో చప్పట్లు కొట్టించాడు. రెడ్డిగూడెం మామిడికాయలు బహుమతిచ్చాడు. పచ్చివే, షుగర్ బ్యాచ్ కదా. సిగ్గేసింది. చప్పట్లు మాత్రం బావున్నాయి.

స్కూల్ గ్రౌండ్‌లో నడుస్తున్నానని ఇంట్లో చెప్పాను.

ఏప్రిల్ 5

అరికాల్లో బొబ్బలా ఉంది, నొప్పయితే లేదు, ఇవాళ మానెయ్యనా అని అడిగింది. యాప్‌లో ఇరవై అయిదు రోజులుగా నా టార్గెట్ ఒక్కరోజు కూడా తప్పలేదు. మొక్కు మధ్యలో ఆపకూడదు అన్నాను.

వెళ్ళింది. తిరువూరు ఎండలో, ఆ బండల మీద, ఒట్టి కాళ్ళతో.

ఏప్రిల్ 9

నిన్న కూడా వెళ్ళొచ్చింది. ఇవాళ లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. దుప్పటికి రక్తం. అరికాలు చూశాను. ఏం చూశానో రాయలేను.

టెస్ట్ చేయిస్తే షుగర్ 412. రెండేళ్ళ కిందట తనది బార్డర్‌లో ఉందన్నారు. ఆ తర్వాత ఎవరం పట్టించుకోలేదు. నెలనెలా నా రిపోర్టులు మోసుకుంటూ వచ్చి డాక్టరు ముందు నా పక్కన కూర్చునేది. ఒక్కసారన్నా ఈవిడకీ చూడండి అనలేదు నేను. కాళ్ళకి నొప్పి తెలియకపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనట.

ఏప్రిల్ 10, విజయవాడ హాస్పిటల్

ఎన్నాళ్ళు నడిచారు, రోజుకెంత అని డాక్టరమ్మ అడిగింది. రమాసుందరి నా ఫోన్ వైపు చూపించింది. తీసి ఇచ్చాను. ఇరవై తొమ్మిది రోజులు, లక్షన్నర అడుగులు.

ఇది మీ అకౌంటు కదా నాన్నా, మరి మీ అడుగులేవీ అంది శర్వాణి.

మరి మీరు గ్రౌండ్‌లో నడుస్తున్నది అని రమాసుందరి అడిగింది. నడవలేదు అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 11

రెండు వేళ్ళు తీసేశారు.

ఏప్రిల్ 14

గ్రూపులో నిజం రాసేశాను. ఎవరూ జవాబివ్వలేదు. ఐజాక్ మాత్రం ఫోన్ చేసి, అమ్మగారికి ఎలా ఉందండీ అని అడిగాడు. నా సంగతి అడగలేదు. అడగకపోవడమే మంచిది.

ఏప్రిల్ 17

ఇంటికొచ్చాం. ఇక జన్మలో ఒట్టి కాళ్ళతో నడవకూడదట, రోజూ అరికాళ్ళు చూడాలట. నేనే చూస్తున్నాను. కాలు నా చేతికిచ్చి మొహం అటు తిప్పుకుంటుంది. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. తిట్టవే, నీకు పుణ్యముంటుంది అన్నాను. తిట్టలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ వేళ మానెయ్యి అంటే నా సొమ్మేం పోయేది? ఒక్క మాట. పాడు నోరు.

ఏప్రిల్ 20, ఉదయం

ఇవాళ్టికి నలభై ఒకటో రోజు. ఫోన్ బీరువాలో పడేసి, బూట్లేసుకుని ఇంటి చుట్టూ తిరిగాను. రమాసుందరి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఏడోసారి తన ముందు నుంచి పోతుంటే, ఏడు అంది.

ఇరవై మూడు దాకా చెప్పింది. అంకెలు తప్ప ఇంకేం మాట్లాడలేదు.