రాగి ఊడిన చోట

మార్చి 3

కుదురు లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. తను పుట్టింటికి వెళ్లి వారం. ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనేది వినపడుతుంది గానీ పక్కనున్న మనిషి వినపడదు నీకు, అంది వెళ్తూ. అంతే గొడవ. అంతేనా?

హెడ్‌ఫోన్స్ కోసం ఆంప్లిఫయర్ నేనే కట్టుకుంటున్నాను. కుడి చెవిలో సన్నగా గుయ్యిమంటోంది. ఒక కెపాసిటర్ మారిస్తే పోవచ్చు.

మార్చి 5, ఉదయం

మామగారు వచ్చారు, తన బట్టలు తీసుకెళ్లడానికి. జీవితమంతా జనానికి కారు నడపడం నేర్పిన మనిషి. కూర్చోనన్నారు. బల్ల మీద ఆంప్లిఫయర్ బోర్డు చూసి కూర్చున్నారు. నువ్వు వేడి చెయ్యి, పాత కెపాసిటర్ నేను లాగుతాను అన్నారు. దాన్ని అతికించిన సోల్డర్ సీసం కరగకముందే లాగేశారు. కెపాసిటర్‌తో పాటు, దాని కాలు అతుక్కునే రాగి ప్యాడ్ కూడా పొక్కులా ఊడొచ్చింది.

ఆయన మొహం చూడాలి. మొదటిరోజే గేటును గుద్దిన శిష్యుడిలా అయిపోయారు.

మార్చి 5, సాయంత్రం

మామగారు వెళ్లలేదు. పాడు చేసింది నేను, బాగయ్యేదాకా కదలను అన్నారు. నా పైజామా ఇచ్చాను. చీలమండల పైనే ఆగిపోయింది. తన బట్టల కోసం ఆయన తెచ్చిన సూట్‌కేసు ఖాళీగా మంచం పక్కన.

మార్చి 6

సెలవు పెట్టాను. ప్యాడ్ పోయినా దాని దాకా వచ్చిన సన్నటి రాగి గీత మిగిలే ఉంది. దాని మీది పచ్చ పూత బ్లేడుతో గీకి, రాగి మెరిశాక తీగ వేసి కెపాసిటర్ కాలికి కలపాలి. నేను గీకుతున్నాను, ఆయన టార్చి పట్టుకున్నారు. బ్లేడు కదిలినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను నొక్కుతోంది. బ్రేకు! నెమ్మది, నెమ్మది, ముందు చూడు అంటున్నారు.

అలా అంటూనే, మరి అమ్మాయి ఉద్యోగం సంగతి ఏమనుకున్నారు బాబూ, అని అడిగారు.

ఏం సంగతి, అన్నాను.

టార్చి కిందికి దిగింది. తీసేశారు కదా, నెల దాటింది, ఆ రోజే నీకు చెప్పిందట, ఊఁ అన్నావట, అన్నారు.

బ్లేడు జారింది. గీత తెగింది.

మార్చి 6, మధ్యాహ్నం

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండుంటాను. ఊఁ అన్నదీ గుర్తు లేదు. ఆఫీసుకు నేను తనకంటే ముందు వెళ్తాను, తర్వాత వస్తాను. పుట్టింటికి వెళ్లేదాకా రోజంతా ఇంట్లో ఒక్కతే. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెట్లు దిగాను. ఎక్కాను. మళ్లీ చేశాను.

మార్చి 7

ఇవాళా సెలవే. ఇంకా రాలేదేమని తను మామగారికి ఫోన్ చేసింది. గీత తెగింది కదా, దాన్నీ దాటించి ఇంకో తీగ వేయాలమ్మా, అన్నారాయన. చేయి చాపాను. ఫోన్ ఇచ్చారు. మళ్లీ చెప్పు, అన్నాను. ఒకసారి చెప్పాను, ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు రాదు, అంది. పెట్టేసింది.

సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉంది. తీగ పట్టకారులో ఉంది. రెండూ మామగారి చేతుల్లో పెట్టి, మీరు కానివ్వండి, నేను వెళ్తున్నాను అన్నాను. తెల్లబోయారు. తర్వాత, నేను వెతుక్కుంటుంటే, బండి తాళాలెక్కడున్నాయో చూపించారు. అద్దాలు చూసుకుంటూ వెళ్లమన్నారు.

మార్చి 7, సాయంత్రం, వాళ్లింట్లో

తలుపు అత్తగారు తీశారు. ఆయనేరీ, అన్నారు నా వెనక్కి చూస్తూ. తను మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పిట్టగోడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆరేస్తూనే మొదలుపెట్టింది. ఆఫీసులో డ్రాయరు తాళం తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరూ తలెత్తలేదట. తన కప్పు సంచిలో పెట్టుకుని, బస్సెక్కకుండా నడిచి వచ్చిందట. "నువ్వు ఊఁ అన్నావు. అలసిపోయావేమోలే, రేపు అడుగుతావనుకున్నా. ఆ రేపూ అయిపోయింది. ఆ మర్నాడు కూడా."

సారీ అన్నాను. ఆ మాట మరీ చిన్నగా ఉంది.

అంతలో మామగారి ఫోన్. మీటరు కీచుమంటోంది, తీగ కలిసింది, విను విను, అని ఒకటే అరుపు. తర్వాత వింటాను మామగారూ, అని కట్ చేశాను. తను చివరి చొక్కా దులిపి తీగ మీద వేసింది. చెప్పాల్సింది ఇంకోటి ఉంది, అంది.

మార్చి 8

మామగారు ఇంకా మా ఇంట్లోనే. నేను వాళ్లింట్లో. ఇద్దరిలో అల్లుడెవరో తేల్చుకోండి, వంట దాన్నిబట్టి చేస్తాను, అంటున్నారు అత్తగారు.

తను ఇంకా చెబుతోంది.