రాయప్ప ఇచ్చిన స్టెప్నీ

తిరువూరు,
శనివారం.

చిరంజీవి గ్లోరికి, నీకూ అల్లుడు వినయ్‌గారికీ ప్రభువు కృప తోడుండాలని ప్రార్థిస్తూ నాన్న రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ కుడిచెయ్యి తప్ప తక్కినదంతా క్షేమం. కాకినాడలో మీరిద్దరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోనులో అడిగితే ప్రసంగం మొదలుపెడతావు, కాగితం మీద రాసి పంపు, కారులో పెట్టుకుంటాను అన్నావు. కాగితం మీద ప్రసంగం చేయలేననుకున్నావు కాబోలు. మీరు కొన్న పాత కారుకి స్టెప్నీ ఏ సైజుది తీసుకోవాలి, అమ్మ చెయ్యి ఎలా ఉంది, రాయప్పను క్షమించావా అని అడిగావు. ముందు స్టెప్నీ సంగతి.

డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచున స్టిక్కరు ఉంటుంది. దాని మీద టైరు సైజు ఉంటుంది. నాలుగు చక్రాల మీదా అదే అంకె ఉందో లేదో వంగి చూడు. ఐదోదీ అదే సైజు తీసుకో. బోల్టులు పట్టాయి కదా చాలు అని ఎవడన్నా అంటే ఆ కొట్టు దిగి వచ్చెయ్యి. కొన్ని కార్లకు కంపెనీవాళ్లే చిన్న స్టెప్నీ ఇస్తారు, నిజమే. దాని మీద ఎంత వేగం దాటకూడదో రాసి ఉంటుంది. అది పంక్చరు కొట్టుదాకా మెల్లగా వెళ్లడానికే, ఊళ్లు తిరగడానికి కాదు. టైరు పక్కన చివరి నాలుగంకెలు అది తయారైన వారం, ఏడాది. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. నెలకోసారి గాలి కొట్టించేటప్పుడు దానికీ కొట్టించు. పెళ్లికొడుకు వచ్చే వేళకు దీపంలో నూనె లేని ఆ కన్యకల గతే, గాలి లేని స్టెప్నీ మోసుకు తిరిగేవాడిది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆయిలూ రేడియేటరులో నీళ్లూ చూసుకోమని వినయ్‌గారికి చెప్పు.

అమ్మ మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. కంజీర అలమారలో పెట్టేసింది. ఆరాధనలో పాట ఎత్తుకుంటే ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తుంది. ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. నాకు వినపడుతుంది.

వినయ్‌గారికి జరిగింది సగమే తెలుసు కాబట్టి ఇక్కడి నుంచి ఆయనకూ చదివి వినిపించు. రాయప్ప మన సంఘ పెద్ద. పాత కార్లు అమ్ముతాడు. విశ్వాసులెవరు కొన్నా ప్రతిష్ఠ ప్రార్థన నాదే. బండి చుట్టూ తిరిగి ఒక్కో చక్రం మీద చెయ్యి వేసి ప్రార్థిస్తాను. అది చూసే జనం ఆయన్ని నమ్మేవాళ్లు. ఆయన దగ్గర మనం కొన్న కారుకీ అలాగే చేశాను. నాలుగు చక్రాల మీద చెయ్యి వేశాను. ఐదోది డిక్కీలో చాప కింద ఉంది, దాన్ని తెరవలేదు. రాయప్ప పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

వినగడపలో ప్రార్థన కూటానికి నేనూ మీ అమ్మా వెళ్తుంటే ముందు టైరు పంక్చరైంది. స్టెప్నీ కాస్త చిన్నదనిపించినా, కూటానికి వేళైందని బిగించేశాను. మలుపులో బ్రేకు తొక్కగానే కారు ఒక పక్కకు లాగేసి కాలవలోకి దిగింది. మీ అమ్మ మోచెయ్యి విరిగింది అప్పుడే. పద్నాలుగు అంగుళాల చక్రాల కారులో పదమూడు అంగుళాలది పెట్టి అమ్మాడని మెకానిక్కు చెబితే తెలిసింది. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకున్నవాడు దేవునికి అసహ్యుడు. వెళ్లి అడిగితే, సంఘం అంతా వింటుండగా ఏమన్నాడో తెలుసా? "దేవుని చిత్తం అయ్యగారూ. చక్రాలకి ప్రార్థన చేసింది మీరే కదా."

ఆ రోజు నుంచి ఆ చిన్న చక్రాన్ని వెనక సీట్లో వేసుకుని తిరిగాను. సభల్లో వేదిక మీదికి దొర్లించి అందరికీ చూపించాలని. అంత శ్రమ లేకుండానే ప్రభువు దారి చూపించాడు.

మొన్న ఎ.కొండూరు నుంచి వస్తుంటే రోడ్డు పక్కన రాయప్ప నిలబడి ఉన్నాడు. మన కారు లాంటిదే, ముందు చక్రం నేలకు అంటుకుపోయింది. వాళ్లమ్మ జోజమ్మగారికి కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాడట.

"దేవుడే పంపాడు అయ్యగారూ. మీ స్టెప్నీ ఇస్తే ఊళ్లోకెళ్లగానే తిరిగిచ్చేస్తాను."

"మీదేమైంది?"

"అమ్మకం బండండి. డిక్కీలో లేదు."

చిన్న చక్రం తీసి రోడ్డు మీద దొర్లించాను. తిన్నగా వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పడింది. మొర్దెకై కోసం తాను నాటించి, చివరికి తానే ఎక్కిన ఉరికొయ్యను హామాను అలాగే చూసి ఉంటాడు.

"ఇది కాదండి, ఇంకోటి లేదా?"

"లేదు."

"ఇది ముందుకి వేయకూడదండి. బ్రేకు తొక్కితే లాగేస్తుంది. బండిలో అమ్మ ఉంది."

"ఆ రోజు నా బండిలో ప్రేమకుమారి ఉంది."

జోజమ్మగారు కంటికి పచ్చగుడ్డతోనే తల బయటికి పెట్టింది. "ఏంట్రా రాయప్పా, నీకు ముందే తెలుసా?"

రాయప్ప వంగి చక్రం బోల్టులు చూడసాగాడు.

"నిన్నేరా అడిగేది."

"తెలుసమ్మా."

ఆమెను నా కారులో కూర్చోబెట్టుకున్నాను. నా తగువు ఆమెతో కాదు. రాయప్ప ఆ చక్రం బిగించుకుని నత్తలా వెనక వచ్చాడు. అద్దంలో ఆయన్ని చూస్తూ నడిపాను. తిరువూరు ఇంకాస్త దూరముంటే బాగుండు అనిపించింది.

ఇప్పుడు నీకు మాత్రమే చెప్పేది. కొత్తగా కొన్న సరైన స్టెప్నీ, నిండా గాలితో, నా డిక్కీలోనే ఉంది. లేదన్నది అబద్ధం. పగ దేవునికి వదిలేయమని ఊరూరా చెప్పే నోటితోనే అన్నాను. ప్రభువు ముందు ఒప్పుకున్నాను. రాయప్ప ముందు ఒప్పుకోను.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. "పెద్దది డిక్కీలో ఉందిగా?" అంది. ఉందన్నాను. "లేదన్నారా?" అన్నానన్నాను. తిడుతుందనుకున్నాను. ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఆ చిన్నది ఆయన దగ్గరే వదిలేసి వచ్చారేం? అది నాది. ఆయన్నే మోసుకొచ్చి నా చేతికి ఇవ్వమనండి. ఈ చేతికి" అని కుడిచెయ్యి లేవగలిగినంత పైకెత్తి చూపించింది.

కబురు పంపాను. రాయప్ప ఇంకా రాలేదు. గేటు తీసే ఉంచుతున్నాం. క్షమించావా అని నన్ను అడిగావు. ఆ జవాబు మీ అమ్మ దగ్గర ఉంది, ఆయన వచ్చి ఆ చెయ్యి చూస్తూ అడిగితేనే ఇస్తుందట.

నువ్వు మాత్రం ఈ ఉత్తరం మడిచేలోగా వెళ్లి మీ డిక్కీ తెరిచి చూడు.

ఇట్లు,
చాప ఎత్తి చూడకుండా ఇక ఏ బండికీ ప్రార్థన చేయని
మీ నాన్న