గాజు దీపంతో మేమూ లారీ ఎక్కాం

ఏమండీ,

కంగారు పడకండి. నేనూ అత్తయ్యగారూ విశాఖపట్నం వెళ్లే లారీలో ఉన్నాం. హడావుడిలో ఫోన్లు ఇంట్లోనే వదిలేశాం. గన్నవరంలో టీకి ఆగితే మీ స్నేహితుడు దుర్గాశంకర్ గారు కనిపించారు. ఆయన ఫోనులో చెబితే మీరు వెనక్కి రమ్మంటారని, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

విశాఖ హోటలు వాళ్లు కొన్న, నేను చేసిన మొట్టమొదటి రంగు గాజు దీపాన్ని అత్తయ్యగారి పాత నేతచీరల్లో చుట్టి, చెక్కపెట్టెలో ఊక దట్టించి, పొద్దున్నే పార్సిలు ఆఫీసుకు తీసుకెళ్లాం. అక్కడ హమాలీ మా కళ్లముందే ఎవరిదో పెట్టెను లారీలోకి విసిరేశాడు. నేను మా పెట్టెను గట్టిగా వాటేసుకున్నాను.

"అంత భయమైతే మీరూ ఎక్కండమ్మా" అని డ్రైవరు కోటిలింగం గారు నవ్వులాటకి అన్నారు.

"పదవే అమ్మాయ్!" అంటూ అత్తయ్యగారు కుచ్చిళ్లు దోపుకుని నాకంటే ముందే ఎక్కేశారు.

గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం కెవ్వుమంటున్నాం, ఆ వెంటనే పడీపడీ నవ్వుకుంటున్నాం. ఇప్పుడే పెట్టె కాస్త కదిపి, చెవి ఆనించి విన్నాం. ఎక్కడా గలగలమనలేదు. "పిల్ల హాయిగా నిద్రపోతోందే" అన్నారు అత్తయ్యగారు.

హోటల్లో దీపం వెలగడం చూశాకే వస్తాం. అందాకా అన్నం మీరే వండుకోండి.

ఉంటానండీ, లారీ హారను ఆగకుండా మోగుతోంది. కొడుతున్నది డ్రైవరు గారు కాదు, మీ అమ్మగారు!

మీ ఆవిడ