గాజు మీది డేగ

బావగారూ,

మా గ్రంథాలయం గాజుగోడకు పిట్టలు గుద్దుకోకుండా దాని మీద మీరు వేసిన డేగ గురించే ఈ ఉత్తరం. ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ నాన్చాను.

డేగ ప్రాణంతో ఉన్నట్టే ఉంది. చదవడానికి వచ్చినవాళ్లు పుస్తకం మూసి దాన్నే చూస్తున్నారు. పిట్టలే దాన్ని లెక్కచేయడం లేదు. పొద్దున్నే గాజు నిండా మబ్బులు నిలుస్తాయి. నేనే ఆకాశంలో కూర్చుని పుస్తకాలు సర్దుతున్నట్టుంటుంది, పాపం వాటికీ అంతేనేమో. మీరు వేసిన వారానికే డేగ రెక్క పక్కన ఒక పావురం రెక్కల అచ్చు పడింది, గాజు మీద ఎవరో ఊపిరి వదిలినట్టు పొడిపొడిగా.

అందుకే పరీక్షించి చూశాం. ఒక అద్దానికి మీ డేగ, ఒకదానికి ఉత్త తెల్లచుక్కలు, ఇంకొకటి ఖాళీ. వానాకాలమంతా గమనించాం. డేగ ఉన్నదానికీ ఖాళీదానికీ పిట్టలు ఒకేలా కొట్టుకున్నాయి. చుక్కలున్నదాన్ని మాత్రం దాదాపు అన్నీ తప్పుకుని పోయాయి. వేరేచోట్ల చేసిన పరీక్షల్లోనూ ఇదే తేలిందట.

డేగ వేశాక మీరు కుంచెలన్నీ కడిగి అటకెక్కించారని అక్క చెప్పింది. ఎందుకని అడిగితే "ఇంక చాల్లే" అన్నారట. డేగ తోక దగ్గర గీత వణకడం చూశాను.

డేగను చెరపను, అది మాకోసం. మిగతా గోడంతా బయటివైపు చుక్కలు పెట్టాలి, మూడు వేళ్ల ఎడంతో. కుంచె అక్కర్లేదు. వేలు రంగులో ముంచి ఆనిస్తే సరిపోతుంది. మీరే రావాలి బావగారూ. చేయి వణికినా చుక్క చుక్కే.

మీ బావమరిది